బరువెత్తే విద్య

(బి.యస్సీ. మూడవ సంవత్సరం విద్యార్థిని)

"ఇంట్లో మోసింది చాల్లేదేమ్మే నీకు?"

బరువులెత్తే తరగతిలో చేరినానని ఫోన్ చేసి చెప్పినప్పుడు మా అవ్వ అన్న మొదటి మాట ఇది. అవ్వ అన్నదాంట్లో తప్పేమీ లేదు. మాది పుంగనూరు దగ్గర ఒక పల్లె. ఉండేది మూడెకరాలు. అందులో టమోటా, చెనిక్కాయ, రవంత రాగి పెడతాము. బుద్ధి తెలిసినప్పటి నుంచి నేను బిందెలు, గడ్డిమోపులు, పేడగంపలు, టమోటా క్రేట్లు ఎత్తుతూనే ఉన్నాను. అట్లాంటి పిల్ల మదనపల్లెకు చదువుకోవడానికి వచ్చి, మళ్ళీ ఇక్కడ బరువులెత్తడం నేర్చుకుంటానంటే ఎవరికైనా నవ్వు రాదా?

కాని నేను చేరడానికి ఒక కారణం ఉంది. రెండేండ్ల క్రిందట టమోటా కోతల్లో మా నాయన నడుము పట్టుకుపోయింది. మార్కెట్టుకు పోయే టెంపో వచ్చి గట్టు మీద నిలబడి ఉంది. డ్రైవరు హారన్ కొడుతున్నాడు. ఆలస్యమైతే వేలం పాట దాటిపోతుందని నాయన హడావిడిగా వంగి, నేలమీది క్రేటును ఎత్తి, నిలబడిన చోటనే నడుము తిప్పి టెంపోలోకి విసరబోయాడు. క్రేటు లోపలికి పోయింది గాని నాయన మళ్ళీ నిటారుగా నిలబడలేకపోయాడు. మూడు వారాలు మంచం మీదనే. ఆ మూడు వారాల్లో చెట్టుమీది కాయ చెట్టుమీదనే పండి రాలిపోయింది. ఆ యేడు మా అప్పు తీరలేదు.

నలభై ఏండ్లుగా మూటలు మోసిన మనిషికి ఒక పాతిక కిలోల క్రేటు ఎట్లా దెబ్బతీసింది? ఈ ప్రశ్న అప్పటినుంచి నా మనసులో ఉండిపోయింది. విద్యార్థి సంఘం వారి కోరికపై మా వ్యాయామ ఉపాధ్యాయిని ఈ యేడు విద్యార్థినులకు ఆరు వారాల తరగతి పెట్టినప్పుడు, మొట్టమొదట పేరు ఇచ్చినవారిలో నేనొకదాన్ని. అక్కడ నేర్చుకున్నది, నా పాఠ్యపుస్తకాలతో పోల్చి చూసుకున్నది, తోటి విద్యార్థులకు ఉపయోగపడవచ్చునని ఇక్కడ వ్రాస్తున్నాను.

మొదటి రోజు

ఉదయం ఆరు గంటలకు తరగతి. మొత్తం పద్నాలుగు మందిమి. అందులో చాలామంది ఈ మదనపల్లె వారే. నలుగురు పుంగనూరు వైపు వారు, ముగ్గురు కుప్పం నుంచి వచ్చి హాస్టల్లో ఉండేవారు. చాపలు పరిచి, గోడకు ఆనించి ఇనుప బార్లు పెట్టి ఉన్నాయి. పోటీల్లో వాడే బారు మగవారికి 20 కిలోలు, ఆడవారికి 15 కిలోలు ఉంటుందని, ఆడవారి బారు కొంచెం సన్నంగా, పొట్టిగా ఉంటుందని మేడం చెప్పారు. ప్లేట్లకు రంగులున్నాయి. ఎరుపు 25, నీలం 20, పసుపు 15, ఆకుపచ్చ 10 కిలోలు.

పట్నం పిల్లలు బారును చూసి జంకుతూ ఉంటే నాకు లోపల గర్వంగా ఉండింది. ‘వీళ్ళు ఎప్పుడైనా క్రేటు ఎత్తినారా?’ అనుకున్నాను. మేడం ఇంకా మాట్లాడుతూ ఉండగానే నేను పోయి, రెండు వైపులా ఆకుపచ్చ ప్లేట్లు తగిలించి, వంగి, ఒక్క ఊపున ఎత్తేశాను. 35 కిలోలు. అందరూ నా వైపు చూశారు. మేడం మాత్రం చప్పట్లు కొట్టలేదు.

"దించమ్మా. మెల్లగా దించు," అన్నారు. దించాను. "నీకు బలం ఉంది. కాని ఎత్తింది నీ కాళ్ళు కాదు, నీ నడుము. ఎవరు నేర్పినారు ఇట్లా ఎత్తడం?"

ఎవరు నేర్పినారు? నాయనే. నాయనను చూసే నేర్చుకున్నాను. ఆ మాట పైకి అనలేకపోయాను గాని గొంతులో ఏదో అడ్డం పడినట్లయింది.

ఆ రోజు మేడం నా చేతికి ఒక వెదురు కర్ర ఇచ్చారు. దాన్ని వీపు మీద నిలువుగా పెట్టి, తల వెనుక భాగం, వీపు, నడుము దిగువన ఉండే ఎముక — ఈ మూడు చోట్లా కర్ర ఆనుకొని ఉండేటట్లు వంగమన్నారు. వంగేది నడుము దగ్గర కాదు, తుంటి కీలు దగ్గర. తలుపు బందు దగ్గర తిరిగినట్లు మనిషి తుంటి దగ్గర తిరగాలి. వినడానికి సులభమే. నేను పది సార్లు ప్రయత్నిస్తే ఎనిమిది సార్లు కర్ర వీపును వదిలేసింది. ఎప్పుడూ బరువు ఎత్తని కుప్పం పిల్ల రెండోసారికే చక్కగా చేసింది. ఆమెకు మరచిపోవలసింది ఏమీ లేదు. నాకు ఇరవై ఏండ్ల అలవాటు మరచిపోవలసి ఉంది. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. తప్పుగా వంగిన మొక్క సంగతి ఇంకా కష్టం!

మూడవ రోజు నొప్పి

మొదటి రోజు ఏమీ అనిపించలేదు. మరుసటి రోజు సాయంత్రానికి తొడలు బిగుసుకున్నాయి. మూడవ రోజు హాస్టల్ మెట్లు వెనక్కి తిరిగి, పిట్టగోడ పట్టుకొని దిగాను. పొలంలో రోజంతా పని చేసేదాన్ని, నాకే ఇట్లా అయితే మిగతావారి మాట చెప్పనక్కరలేదు. ఆ రోజు తరగతికి తొమ్మిది మందే వచ్చారు.

వ్యాయామం తరువాత ఈ నొప్పి లాక్టిక్ ఆమ్లం పేరుకోవడం వల్ల వస్తుందని చాలామంది అంటారు. నేనూ అట్లే అనుకున్నాను. కాని రక్తంలో చేరిన లాక్టేటు సుమారు ఒక గంటలోనే మామూలు స్థాయికి వచ్చేస్తుంది. రెండు రోజుల తరువాత వచ్చే నొప్పికి అది కారణం కాజాలదు. అలవాటు లేని పని చేసినప్పుడు, ముఖ్యంగా కండరం సాగుతూ బరువును ఆపవలసి వచ్చినప్పుడు, కండర తంతువుల్లో కంటికి కనబడనంత సూక్ష్మమైన చిరుగులు ఏర్పడతాయి. శరీరం వాటిని బాగుచేసుకునే క్రమంలో కొంత వాపు, నొప్పి కలుగుతాయి. ఇది సాధారణంగా 24 నుంచి 72 గంటల మధ్య ఎక్కువగా ఉండి, తరువాత తగ్గిపోతుంది. బరువు ఎత్తడం కంటే మెల్లగా దించడమే ఎక్కువ నొప్పి పుట్టిస్తుంది. కొండ ఎక్కినప్పటి కంటే దిగిన తరువాతే తొడలు పీకడానికి కారణం ఇదే. హార్సిలీకొండ మెట్ట దారిన నడిచి దిగినవారికి ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు.

అదే పని రెండోసారి చేస్తే నొప్పి చాలా తక్కువగా ఉంటుంది. కనుక మూడవ రోజు మానేసిన అయిదుగురూ చేసింది పొరపాటు. తేలికగానైనా కదలాలి. అయితే ఒక హెచ్చరిక. ఒక చోట పొడిచినట్లు నొప్పి వచ్చినా, నడుము నుంచి కాలులోకి తిమ్మిరి దిగినా, మూత్రం కాఫీ డికాషన్ రంగులో వచ్చినా అది మామూలు ఒళ్ళునొప్పి కాదు. వెంటనే డాక్టరు వద్దకు పోవాలి.

నడుము ఒక త్రాసు

రెండవ వారంలో నా ప్రశ్నకు జవాబు దొరికింది. అది తరగతిలో కాదు, హాస్టల్ గదిలో, నోటుపుస్తకం మీద దొరికింది. ఇంటర్మీడియట్లో చదివిన తులాదండం, బల భ్రామకం గుర్తుండే ఉంటాయి. బలాన్ని, ఆధారం నుంచి దానికి గల లంబదూరంతో హెచ్చిస్తే భ్రామకం వస్తుంది.

మన నడుమును ఒక త్రాసు అనుకోండి. నడుము దిగువన వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి బిళ్ళ దాని ఆధారం. ముందు వైపు చేతుల్లో బరువు. వెనుక వైపు వీపు కండరాలు. త్రాసు నిలవాలంటే రెండు వైపుల భ్రామకాలు సమానం కావాలి. అయితే ఈ త్రాసుకు కాడలు సమానంగా లేవు. వీపు కండరాలు ఆధారానికి సుమారు 5 సెంటీమీటర్ల దూరంలోనే పని చేస్తాయి. ముందున్న బరువు ఎంత దూరంలో ఉంటుందనేది మన చేతుల్లో ఉంది.

25 కిలోల క్రేటు బరువు 245 న్యూటన్లు. నాయన ఎత్తినట్లు చేతులు చాచి, 60 సెంటీమీటర్ల దూరంలో పట్టుకొంటే భ్రామకం 147 న్యూటన్ మీటర్లు. దాన్ని 5 సెంటీమీటర్లతో, అంటే 0.05 మీటర్లతో భాగిస్తే వీపు కండరాలు లాగవలసిన బలం 2,940 న్యూటన్లు వస్తుంది. అంటే 300 కిలోల బరువుతో సమానం! అదే క్రేటును ఒంటికి ఆనించుకొని 25 సెంటీమీటర్ల దూరంలో పట్టుకొంటే ఈ బలం 1,225 న్యూటన్లు, అంటే 125 కిలోలు. క్రేటు అదే. కాయలు అవే. మోసేవాని నడుముకు మాత్రం 175 కిలోల తేడా.

ఇది కేవలం క్రేటు లెక్క. వంగినప్పుడు మన తల, చేతులు, మొండెం బరువు కూడా ముందుకే వ్రేలాడుతుంది గనుక అసలు భారం ఇంకా ఎక్కువే. పైగా బరువుతో ఉండగా నడుము తిప్పితే భారం ఒక ప్రక్కకు పడుతుంది. ఆ సాయంత్రం నాయన ఈ మూడూ ఒకేసారి చేశాడు. దూరంగా పట్టుకున్నాడు, వంగాడు, తిప్పాడు. అవన్నీ ఎనభయ్యో క్రేటు దగ్గర, అలసిపోయి ఉన్నప్పుడు చేశాడు. ఎనభై క్రేట్లంటే రెండు టన్నులు. మా తరగతిలో 20 కిలోల బరువును విరామాలతో అరవై సార్లు ఎత్తితే 1,200 కిలోలు. ఆ మరునాడు మాకు సెలవు. నాయనకు సెలవు లేదు.

ఈ లెక్క కుప్పం స్నేహితురాలికి చూపించాను. ఆమె మామ గ్రానైటు క్వారీలో పని చేస్తాడు. ఆమె నవ్వి, "క్వారీలో రాయిని ఎవరూ ఎత్తరు. గడ్డపారతో తిప్పుతారు, దొర్లిస్తారు. ఎత్తాలని చూసినోడు రెండేండ్లకంటే ఎక్కువ పని చెయ్యలేడని మా మామ అంటాడు," అంది. నేను పుస్తకం చూసి తెలుసుకున్నది ఆయన గడ్డపార పట్టుకొని తెలుసుకున్నాడు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. మోకాళ్ళు వంచి ఎత్తితే చాలు, నడుంనొప్పి రానే రాదని చాలాచోట్ల గోడల మీద బొమ్మలు వేసి ఉంటారు. అది అంత తేలిగ్గా తేలిన సంగతి కాదు. ఎట్లా ఎత్తామన్నది ఎంత ముఖ్యమో, ఎంత ఎత్తాము, ఎన్నిసార్లు ఎత్తాము, మధ్యలో ఎంత విశ్రాంతి తీసుకున్నాము, అంతకుముందు ఒంటిని ఎంత సిద్ధం చేసుకున్నాము అన్నవి కూడా అంతే ముఖ్యం.

మిలో దూడ, పుంగనూరు ఆవు

ఒంటిని సిద్ధం చేసుకోవడం గురించి ఒక పాత గ్రీకు కథ ఉంది. క్రీస్తు పూర్వం 6వ శతాబ్దంలో క్రోటన్ అనే ఊరిలో మిలో అనే మల్లయోధుడు ఉండేవాడు. ఒలింపిక్ క్రీడల్లో ఆరుసార్లు గెలిచినవాడు. అతడు అప్పుడే పుట్టిన దూడను భుజాలకెత్తుకొని నడిచేవాడట. రోజూ అట్లాగే. దూడ రోజురోజుకూ పెరిగింది. దానితో పాటు అతని బలమూ పెరిగింది. చివరికి ఎద్దును మోశాడట. కథలో ఎంత నిజమో గాని, సూత్రం మాత్రం నిజం. భారాన్ని కొంచెం కొంచెంగా పెంచుతూ పోతే శరీరం దానికి తగినట్లు తనను తాను మార్చుకుంటుంది.

మిలో మన పుంగనూరులో పుట్టి ఉంటే అతని పని తేలికయ్యేది. పుంగనూరు ఆవు ప్రపంచంలోకెల్లా పొట్టి జాతుల్లో ఒకటి. ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు, బరువు సుమారు 115 నుంచి 200 కిలోలు. ఈ మాట చెప్తే తరగతిలో అందరూ నవ్వారు. అప్పటినుంచి ప్లేటు మార్చినప్పుడల్లా "దూడకు ఎన్ని నెలలు?" అని అడగడం మాకు అలవాటైపోయింది.

మాకు వారానికి మూడు రోజులు తరగతి. మొదటి వారం ఖాళీ బారు, అంటే 15 కిలోలు. తరువాత వారానికి రెండు, మూడు కిలోల కంటే ఎక్కువ పెంచనివ్వలేదు. ఆరవ వారానికి నేను 30 కిలోలను ఎనిమిదేసి సార్లు, వీపు చెదరకుండా ఎత్తగలిగాను. మొదటి రోజు 35 ఎత్తినదాన్ని ఆరు వారాల తరువాత 30 ఎత్తడం అభివృద్ధేనా అని మీరు అడగవచ్చు. మొదటి రోజు ఒక్కసారి ఎత్తాను. ఇప్పుడు ఎనిమిది సార్లు ఎత్తి, దించి, తరువాత హాయిగా ప్రాక్టికల్స్‌కు పోయాను.

ఆరు వారాల్లో నా చేతులేమీ లావు కాలేదు. మరి బలం ఎక్కడ నుంచి వచ్చింది? దీనికి జీవశాస్త్రం చెప్పే జవాబు నాకు చాలా నచ్చింది. ఒక నాడీకణం, దాని ఆజ్ఞకు లోబడే కండర తంతువులు కలిసి ఒక జట్టు. కొత్తగా నేర్చేవారిలో మెదడు అన్ని జట్లనూ ఒకేసారి పనిలోకి పిలవలేదు. తొలి వారాల్లో పెరిగే బలంలో ఎక్కువ భాగం, ఈ పిలుపు చక్కబడటం వల్ల వచ్చేదే. కండ పెరగడం ఆ తరువాత, నెలల మీద జరుగుతుంది. కాబట్టి బరువెత్తడం మొదట నరాలు నేర్చుకునే పాఠం. చేతివ్రాత నేర్చుకోవడం వంటిదే.

"బరువులెత్తితే ఆడపిల్ల మగరాయుడిలా అయిపోతుంది" అని ఒక స్నేహితురాలి ఇంట్లో అభ్యంతరం చెప్పారు. ఇది ఉత్త భయం. కండను పెంచే టెస్టోస్టెరోన్ హార్మోను స్త్రీలలో చాలా తక్కువ. స్త్రీలకు అసలు భయపడవలసిన సంగతి వేరే ఉంది. ముట్లుడిగిన తరువాత ఎముకల సాంద్రత తగ్గిపోతుంది. వయసులో ఉండగా బరువుతో కూడిన వ్యాయామం చేస్తే ఎముక గట్టిపడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో స్త్రీ పురుషులనే భేదం లేకుండా పెద్దవారందరూ వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయాలని ఉంది.

మన తెలుగునాట

బరువులెత్తడం మనకు కొత్త విద్య కాదు. ఉత్తరాంధ్ర పల్లెల్లో పండుగలకు సంగిడి రాళ్ళు ఎత్తే పోటీలు జరుగుతాయి. ఆ ప్రాంతంలోని వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తినాయుడు గారు కలియుగ భీముడని పేరు పొందారు. నర్తనశాల సినిమాలో (1963) భీముడి వేషం వేసిన దండమూడి రాజగోపాలరావు గారు నిజజీవితంలో బరువులెత్తే క్రీడాకారులే. విజయవాడలో ఇండోర్ స్టేడియానికి ఆయన పేరు పెట్టారు.

అందరికంటే మిన్నగా చెప్పుకోవలసింది శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి గారిని. గురువు నీలంశెట్టి అప్పన్న గారి వద్ద నేర్చుకొని 1994, 1995 సంవత్సరాల్లో ప్రపంచ విజేత అయ్యారు. ఒలింపిక్స్‌లో స్త్రీలకు బరువులెత్తే పోటీలు పెట్టిందే 2000లో, సిడ్నీలో. ఆ సెప్టెంబరు 19న 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం గెలిచారు. ఒలింపిక్ పతకం గెలిచిన మొట్టమొదటి భారతీయ మహిళ ఆమె. మొదటి రెండు స్థానాల్లోని వారు ఎత్తింది 242.5 కిలోలు. తేడా కేవలం రెండున్నర కిలోలు! చివరి ప్రయత్నంలో ఆమె 137.5 కిలోలకు పోయారు గాని అది అందలేదు. నేను దీన్ని మా ఊరి కొలతలోకి మార్చి చూసుకున్నాను. చిన్న పుంగనూరు ఆవు 115 కిలోలు. ఆమె తలపైకి ఎత్తి నిలిపింది 130.

పదిమందితో కలిసి

ఒంటరిగా చేసుకోవచ్చు గదా, తరగతి ఎందుకు అని కొందరు అడిగారు. సంగీతం పెట్టుకొని గుంపుగా తేలికపాటి బార్లు ఎత్తే పద్ధతిని 1990ల తొలినాళ్ళలో న్యూజిలాండులోని ఆక్లాండు నగరంలో ప్రారంభించారు. అక్కడ లెస్ మిల్స్ అనే ఒలింపిక్ క్రీడాకారుడు 1968లో వ్యాయామశాల పెడితే, ఆయన కుమారుడు ఫిలిప్ మిల్స్ ‘బాడీపంప్’ పేరుతో ఈ తరగతులను రూపొందించాడు. అవి తరువాత చాలా దేశాలకు వ్యాపించాయి. కాని కలిసి పని చేస్తే అలుపు తెలియదన్న సంగతి మన నాట్లు వేసే ఆడవారికి ఎవరూ నేర్పనక్కరలేదు.

మా తరగతిలో లెక్క పెట్టడం వంతులవారీగా ఉండేది. కుప్పం పిల్లల్లో ఒకామె ఇంట్లో అరవం, ఇంకొకామె ఇంట్లో కన్నడం. వారి వంతు వచ్చినప్పుడు వారి భాషలో లెక్క పెట్టేవారు. "ఒణ్ణు, రెండు, మూణు" అని ఆమె అంటుంటే రెండు దగ్గర తెలుగూ అరవమూ కలిసిపోయేవి. ఆ ఒక్క అంకెను అందరం గట్టిగా అరిచేవాళ్ళం. ఏడు, ఎనిమిది దగ్గర చేతులు వణికే సమయానికి ప్రక్కన ఉన్నవారి గొంతు వినబడితే మరొకటి చేయగలుగుతాము. ఇది నా అనుభవం.

అయితే గుంపులో ఒక అపాయమూ ఉంది. ప్రక్కవారి బారును చూసి మన బారుకు ప్లేటు తగిలించడం. మొదటి రోజు నేను చేసింది అదే, కాకపోతే తిరగబడి. వారు నన్ను చూడాలని తగిలించాను. మేడం నాలుగవ వారంలో ఒక నియమం పెట్టారు. ఎవరి బరువు వారి నోటుపుస్తకంలో వ్రాసుకోవాలి, ప్రక్కవారి పుస్తకం చూడరాదు. అప్పటినుంచి తరగతిలో పోటీ తగ్గి పాఠం పెరిగింది.

తిండి గురించి రెండు మాటలు. బరువులెత్తేవారికి డబ్బాల్లో అమ్మే పొడులు తప్పనిసరి అని ప్రచారం ఉంది. భారత వైద్య పరిశోధన మండలి 2020లో చెప్పినదాని ప్రకారం ఆరోగ్యవంతులైన పెద్దవారికి రోజుకు ఒంటిబరువులో కిలోకు 0.83 గ్రాముల మాంసకృత్తులు అవసరం. నా బరువు 52 కిలోలు. అంటే 43 గ్రాములు. రెండు పూటల సంగటికి 200 గ్రాముల రాగిపిండి వేసుకుంటే సుమారు 14, యాభై గ్రాముల చెనిక్కాయల ఊరుబిండితో 12, యాభై గ్రాముల కందిపప్పుతో 11, ఒక గ్లాసు పాలతో 8 గ్రాములు వస్తాయి. మొత్తం 45. కష్టమైన వ్యాయామం చేసేవారికి ఇంకొంచెం కావాలి. దానికి ఒక గుడ్డో, పిడికెడు ఉడికిన ఉలవలో చాలు.

దసరా సెలవుల్లో

సెలవులకు ఊరికి పోయేసరికి టమోటా కోత జరుగుతోంది. నాయన నడుముకు బెల్టు కట్టుకొని క్రేట్లు ఎత్తుతున్నాడు. నేను నోటుపుస్తకం తీసి త్రాసు బొమ్మ చూపించి, 300 కిలోల లెక్క చెప్పాను. నాయన ఓపిగ్గా విన్నాడు. విని, "బాగుంది పాపా. టెంపో వచ్చినప్పుడు ఈ లెక్క ఆ డ్రైవరుకు చెప్పు," అన్నాడు.

నాకు కోపం వచ్చింది. తరువాత ఆలోచిస్తే నాయన చెప్పిందే అసలు పాఠం అనిపించింది. నాయనకు ఎత్తడం రాక నడుము పోలేదు. తొందర వల్ల పోయింది. వేలం టైము, టెంపో బాడుగ, రేటు పడిపోతుందేమోనన్న భయం — ఇవన్నీ ఆ క్రేటులో కాయలతో పాటు ఉన్నాయి. వాటిని నేను ఏ త్రాసులో తూచగలను?

ఆ సాయంత్రం అవ్వ బావి దగ్గర నుంచి బిందె తెస్తూ ఉంటే చూశాను. డెబ్బై దాటిన మనిషి. గొంతుకూర్చొని, బిందెను ముందు తొడమీదికి లాక్కొని, ఒంటికి ఆనించి, అప్పుడు లేచి చంకనేసుకుంది. అది చూస్తూ అట్లే నిలబడిపోయాను. మేడం ఆరు వారాలు చెప్పిందంతా అదే! "ఎవరు నేర్పినారు అవ్వా?" అని అడిగాను. "బిందె నేర్పింది. దూరంగా పట్టుకుంటే నీళ్ళు మీద పోస్తాది," అంది. నాయన కూడా విన్నాడు. ఏమీ అనలేదు.

మరునాడు నేను రెండు పనులు చేశాను. మొదటిది, పాత బల్ల ఒకటి తెచ్చి గట్టు మీద వేశాను. కోసిన కాయను నేలమీద కాక ఆ బల్ల మీద ఉంచిన క్రేటులోనే పోయించాము. నేల నుంచి ఎత్తే పని తప్పింది. రెండవది, నాయన, నేను చెరొక వైపు పట్టుకొని ఎత్తాము. ఎక్కించేటప్పుడు నడుము తిప్పకుండా పాదాలు తిప్పాము. "రెండు!" అని అరిస్తే ఇద్దరం ఒకేసారి లేపాలి. మొదట నాయన సిగ్గుపడ్డాడు. పదో క్రేటుకు తనే "రెండు!" అన్నాడు. ఆ రోజు డెబ్బై రెండు క్రేట్లు పోయినాయి. టెంపో పావుగంట ఆలస్యమయింది. డ్రైవరు గొణిగాడు. రాత్రి నాయన బెల్టు విప్పి గోడకు తగిలించి, మంచం పట్టుకోకుండానే కూర్చున్నాడు.

ఒక రోజు సంగతిని బట్టి నాయన నడుము బాగయిందని నేను చెప్పడం లేదు. నేను కళాశాలకు వచ్చేశాక రెండో వైపు పట్టుకునేది ఎవరు అన్నది ఇంకా తేలలేదు. అమ్మ పడుతోందని మొన్న ఫోన్లో చెప్పారు.

క్రొత్తగా మొదలుపెట్టేవారికి

మిత్రులారా! వచ్చే యేడు ఈ తరగతి మళ్ళీ జరుగుతుందని ఆశిస్తున్నాను. చేరదలచిన వారికి నా అనుభవంలోంచి కొన్ని మాటలు:

1. మొదటి వారం కర్రతోను, ఖాళీ బారుతోను గడపండి. సిగ్గు పడవద్దు.

2. బరువును ఎప్పుడూ ఒంటికి దగ్గరగా ఉంచండి. వంగేది తుంటి దగ్గర. తిరగవలసి వస్తే పాదాలతో తిరగండి.

3. ఎత్తినంత శ్రద్ధగా దించండి. పడవేయవద్దు.

4. ఇంకా రెండు సార్లు ఎత్తగలను అనిపించినప్పుడే ఆపండి. రేపు కూడా రావాలి గదా.

5. ఒక దినం చేస్తే ఒక దినం విశ్రాంతి. నిద్ర కూడా వ్యాయామంలో భాగమే.

6. నడుంనొప్పి, గుండెజబ్బు, రక్తపోటు ఉన్నవారు డాక్టరును అడిగి చేరండి.

7. నేర్చుకున్నదాన్ని ఇంటికి తీసుకుపోండి. మనలో చాలామంది ఇండ్లలో ఎవరో ఒకరు మూటలు మోస్తూనే ఉన్నారు. మన ఫీజు కూడా ఆ మూటల్లో నుంచి వచ్చిందే.

మొన్న ఫోన్లో అవ్వ మళ్ళీ అడిగింది, "ఇంకా ఎత్తతా ఉండావా?" అని. ఎత్తుతున్నానని చెప్పాను. "సరే, ఎత్తు. సంక్రాంతికి వచ్చినప్పుడు మీ అమ్మకు గూడా నేర్పు. అది ఇంకా వంగే ఎత్తతాది," అంది.